అత్త బిరడా

రావులపాలెంలో ఆటో ఎక్కి మా ఊరు వస్తుంటే దారిలో మూడు ఊళ్ళ మొదట్లో పచ్చ బోర్డులు కనిపిస్తాయి. 'పొగలేని గ్రామం' అని తెల్లక్షరాలు. ఇప్పుడు రంగు వెలిసిపోయింది, ఒకదాని మీద సినిమా పోస్టరు కూడా అంటించారు. మా పేటకి అలాంటి బోర్డు లేదు. మా స్కూలుకి కొత్తగా వచ్చిన టీచర్లు అడుగుతుంటారు, "ఏంటండీ తబితగారూ, మీ ఊరికి ఆ పథకం రాలేదా?" అని. నాకు ఒళ్ళు మండిపోతుంది. రాకపోవడమేంటి! బోర్డులున్న ఊళ్ళల్లో ఆ పొయ్యిలు రెండేళ్ళు కూడా నిలవలేదు. మా పేటలో గ్యాసు వచ్చేదాకా వెలిగాయి. వెలిగించింది మా దీనమ్మక్క.

దీనమ్మ నాకు తోడికోడలు, పెద్ద కోడలు. ఐదో తరగతితో చదువు ఆపేసి నాట్లకీ కోతలకీ వెళ్ళిన మనిషి. నేను ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఇంట్లో చదువు నాది, మొండితనం ఆవిడది, నోరు మా అత్త మార్తమ్మది. నాకూ నోరుందని మా ఆయన అంటాడు గానీ, మా అత్త ముందు నేనెంత!

మా అత్త గురించి ముందు చెప్పాలి. మా పేటంతా లూథరన్ సంఘం. గుడిలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తేది మా అత్తే. హార్మోనియం ఉన్నా లేకపోయినా ఆవిడ గొంతు ఎత్తితే కాలవ అవతల కళ్ళంలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేదట. దీనమ్మకి తల్లి లేదు. పెళ్ళినాడు పుట్టింటి తరఫున పాట పాడేవాళ్ళు లేక పిల్ల తల దించుకుని నిలబడితే, మా అత్త మగపెళ్ళివారి వైపు నుంచి లేచొచ్చి, పెళ్ళికూతురి పక్కన నిలబడి పాట ఎత్తింది. "ఆ రోజు నుంచి ఆవిడే నాకు అమ్మ" అంటుంది దీనమ్మ. అలాగని ఇద్దరూ పోట్లాడుకోని రోజు లేదు. అది వేరే సంగతి.

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్త గుడి లోపల కూర్చోవడం మానేసింది. దగ్గు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్తుంటే మధ్యలో దగ్గు తెర అందుకునేది, ఎంతకీ ఆగేది కాదు. నలుగురికీ ఇబ్బందని తనే లేచి బయట మెట్ల మీదకి పోయింది. గుడికి నాలుగు మెట్లు. మా అత్తది అన్నిటికన్నా కింది మెట్టు. పాట వస్తే నోరు కదిపేది, గొంతు వచ్చేది కాదు. దీనమ్మ లోపల కూర్చుని పాటంతా గుమ్మం వైపే చూస్తుండేది.

రాజమండ్రి తీసుకెళ్ళాం. డాక్టరుగారు గుండె మీద గొట్టం పెట్టి విని, "చుట్ట తాగుతారామ్మా?" అని అడిగారు. మా ప్రాంతంలో ముసలమ్మలు చుట్ట తాగడం ఉన్నదే, ఆయన తప్పు లేదు. కానీ మా అత్త ఊరుకుంటుందా? "బైబిలు పట్టుకునే చేత్తో చుట్ట పట్టుకుంటానా బాబూ!" అని ఆయన మీదకి లేచింది. ఆయన నవ్వి, "అయితే ఇది వంటింటి పొగేనమ్మా. మందులిస్తాను. కానీ ఆ పొగలో కూర్చున్నన్నాళ్ళూ మందూ నీళ్ళూ ఒకటే" అన్నారు.

వంటిల్లంటే ఏముంది, తాటాకింట్లో ఓ మూల. మూడు రాళ్ళ పొయ్యి, కొబ్బరి మట్టలు, సరుగుడు పుల్లలు, వానాకాలమైతే తడిసిన పిడకలు. ఆ పొగకి మనిషి కనపడదు. ఊదుగొట్టంతో ఊది ఊది మా అత్త ఊపిరంతా ఆ పొయ్యిలోకే పోయింది.

అప్పుడే, తొంభై నాలుగులో, పంచాయతీ ఆఫీసు దగ్గర టముకు వేశారు. పొగలేని పొయ్యిలు కట్టడం ఆడవాళ్ళకి ప్రభుత్వం నేర్పిస్తుంది, గొట్టాలు కూడా వాళ్ళే ఇస్తారు, ఇష్టమున్నవాళ్ళు పేరివ్వండి అని. పేరిచ్చింది దీనమ్మ ఒక్కతే. మా బావగారు "మట్టి పిసకడానికి రాజమండ్రి దాకా ఎందుకే?" అన్నాడు. దీనమ్మ చీరలు సంచీలో పెట్టుకుంది. ఆవిడ సంచీ సర్దిందంటే ఇక ఆగదని మా బావగారికి తెలుసు. నోరు మూసుకున్నాడు.

నేర్చుకుని వచ్చి మొదటి పొయ్యి మా ఇంట్లోనే కట్టింది. కాలవ గట్టు బంకమట్టి, ఊక, పేడ కలిపి కాళ్ళతో తొక్కి, ముందొక కన్నం వెనకొక కన్నం పెట్టి, లోపల సొరంగంలా దారి తీసి, చివర పొగగొట్టాన్ని కప్పులోంచి పైకి పంపింది. ఒకే మంట మీద ముందు అన్నం, వెనక కూర. పొగంతా గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. వెలిగించాక వెనక కన్నం మీద అరచెయ్యి పెట్టి చూసేది, వేడి సరిగ్గా వస్తోందా లేదా అని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎవరింటికెళ్ళినా ముందు వాళ్ళ పొయ్యి మీద చెయ్యి పెడుతుంది, తర్వాతే "బాగున్నారా?" అంటుంది.

మా అత్త మాత్రం గుమ్మంలో కూర్చుని సాధించింది. "పొగంతా గొట్టంలో పోతే నా కప్పు గతేంటే?"

"కప్పు గతి తర్వాత చూద్దాం అత్తా. ముందు నీ గతి చూసుకో" అంది దీనమ్మ.

"చూడండి, చూడండి. కప్పుకి పురుగు పడితే అప్పుడు చెప్పుకుందాం."

ముసలాళ్ళ చాదస్తం అనుకున్నాం.

పథకం చూసే ఆఫీసరు దుర్గాశ్రీగారని, చిన్న వయసే, జీపులో వచ్చేవారు. గుడి ముందు చాప వేసుకుని మా మధ్యలోనే కూర్చునేవారు. "రెండు మోపులు కాలే చోట ఒక మోపే కాలుతుందండి. సగం చెట్లు మిగులుతాయి, గాలిలోకి పోయే బొగ్గుపొగ సగం తగ్గుతుంది. దేశంలో ఉన్న వంటిళ్ళన్నీ అలా అయితే ఎంతవుతుందో ఆలోచించండి. భూమి వేడెక్కిపోతోందని పెద్ద పెద్ద దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటున్నాయి" అని చెప్పారు.

కింది మెట్టు మీద నుంచి మా అత్త అందుకుంది. "పెద్ద దేశాలన్నీ కూర్చుని నా పొయ్యి గురించా! ఇంకేం పన్లేదా తల్లీ వాళ్ళకి?"

జనమంతా గొల్లుమన్నారు. దుర్గాశ్రీగారు కూడా నవ్వేశారు. "వాళ్ళ కార్ల గురించి మాట్లాడుకోవడం కష్టం కదండీ మామ్మగారూ. పొయ్యి అయితే తేలిక" అన్నారు. ఆ మాటతో ఆవిడ మా పేట మనిషైపోయారు.

ఆ వేసవి లోపల దీనమ్మ పేటలో ప్రతి ఇంటికీ పొయ్యి కట్టింది. పొద్దున కూలి పనికి పోవడం, మధ్యాహ్నం వచ్చి మట్టి తొక్కడం. మోచేతుల దాకా ఎప్పుడూ మట్టే. పుల్లలకి సరుగుడు తోటల వెంట తిరిగే ఆడవాళ్ళకి ఆ తిరుగుడు సగం తగ్గింది. ఇక మా అత్త సంగతి చెప్పాలా! దగ్గు రోజురోజుకీ నెమ్మదించింది. వినాయకచవితి పందిళ్ళు లేచేసరికి గుడి దగ్గర కింది మెట్టు వదిలి రెండో మెట్టుకి వచ్చింది. క్రిస్మస్‌కి మూడో మెట్టు. దీనమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ మెట్లు లెక్కపెడుతోందని నాకు తెలుసు.

ఆ మరుసటేడు వానలు పట్టాయి. మా అత్త అన్నంత పనీ అయింది.

తాటాకు కప్పుకి పొగే మందు. కింద నుంచి పొగ పట్టి పట్టి ఆకంతా నల్లగా నిగనిగలాడుతుంటే పురుగు ముట్టదు, చెదలు రాదు. మూడేళ్ళు నిశ్చింత. పొగ ఆగిపోయేసరికి లోపల నుంచి పురుగు తొలిచేసింది. అన్నం తింటుంటే పళ్ళెంలో పొడి రాలేది. గట్టి వాన వచ్చిందంటే ఇల్లంతా గిన్నెలే. పేటలో కప్పులు నేసే యెహెజ్కేలు బాబాయి ఒక్కొక్క ఇల్లూ ఎక్కి చూసి దిగి, "ఇంకేటుందమ్మా, జల్లెడే" అన్నాడు.

తలో మాటా మొదలైంది. "నీ పొయ్యి మా ఇల్లు తినేసిందే దీనమ్మా" అని మొహం మీదే అన్నారు. మట్టి తొక్కిన రోజున కాఫీలిచ్చినవాళ్ళే. అని ఊరుకోలేదు, పాత చీరలు చింపి గొట్టాల్లో కుక్కేశారు. పొగ మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. మా ఇంట్లో అయితే రోజూ ఇదే భాగోతం. పొద్దున దీనమ్మ గుడ్డ లాగేసేది, సాయంత్రం ఆవిడ పొలం నుంచి వచ్చేలోగా మా అత్త కుక్కేసేది. "కప్పు కూలితే ఎక్కడుంటామే? నీ జీతంతో కప్పు నేయిస్తావా?" అని నా మీద కూడా పడేది. దగ్గు తిరిగొచ్చింది. మళ్ళీ కింది మెట్టు. అక్కడ కూర్చున్న అత్తని చూసిన రోజున దీనమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇంతలో తనిఖీ అన్నారు. పొయ్యిలన్నీ సవ్యంగా ఉంటే ఊరికి బోర్డు. బోర్డు పడితే పేటకి సిమెంటు రోడ్డు అడగడానికి వీలుంటుందని మా పంచాయతీ ప్రెసిడెంటు పల్లంరాజుగారి ఆశ. ఆయన చెడ్డవాడు కాదు, రోడ్డు మా కోసమే అడుగుతున్నాడు. గుడి దగ్గరికొచ్చి చెప్పాడు. "జీపొచ్చే పూట గుడ్డలు లాగేయండమ్మా. జీపెళ్ళాక మీ ఇష్టం. అవతల ఊళ్ళోవాళ్ళంతా అదే చేశారు. ఏం దీనమ్మా?"

దీనమ్మ "ఆయ్" అనలేదు, కాదనీ అనలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

తనిఖీ రోజున గుడ్డలన్నీ మాయం. దుర్గాశ్రీగారూ, ఆవిడ పై ఆఫీసరుగారూ ఇల్లిల్లూ తిరిగారు. ఎక్కడా పొగ లేదు. పల్లంరాజుగారి మొహం వెలిగిపోతోంది. చివరికి మా ఇంటికి వచ్చారు. పెద్దాఫీసరుగారు దీనమ్మ భుజం తట్టినంత పని చేసి, "ఇవన్నీ నువ్వే కట్టావటగా. బాగా పనిచేస్తున్నాయామ్మా?" అని అడిగారు.

దీనమ్మ ఊక బస్తా వెనక చెయ్యి పెట్టి మసి గుడ్డ బయటికి తీసింది. ఆయన ముందు నేల మీద పెట్టింది.

"పొయ్యి పనిచేస్తాదండి. మేమే చెయ్యనివ్వటంలేదండి. ఇది రోజూ గొట్టంలో ఉంటాది. ఇవాళ మీరొస్తారని తీశాం. ఇల్లిల్లూ అంతే. పొగ లేకపోతే కప్పుకి పురుగు పడుతోంది, పొగ ఉంటే మా అత్తకి ఊపిరాడటంలేదు. బోర్డు తర్వాత ఇద్దురుగాని, ముందు దీనికి దారి చెప్పండి."

పల్లంరాజుగారి మొహం మాడిన పెసరట్టు అయిపోయింది. ఒక్క మాట చెప్తున్నాను, దీనమ్మ నా తోడికోడలైనందుకు ఆ రోజు గర్వపడ్డంతగా నా టీచర్ ఉద్యోగం వచ్చిన రోజు కూడా పడలేదు. ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. ఒకసారి ఆ బోర్డు పాతితే ఇక మా పేట వైపు జీపు రాదు. గుడ్డ గొట్టంలోనే ఉండిపోతుంది. మా అత్త కింది మెట్టు మీదే ఉండిపోతుంది.

పెద్దాఫీసరుగారు వంగి ఆ గుడ్డని తిరగేసి చూశారు. "దీనికి జవాబు మాకూ తెలీదమ్మా. నిజం చెప్పావు, అదే రాస్తాను" అన్నారు. జీపు వెళ్ళిపోయింది, దాంతోపాటు బోర్డూ, రోడ్డూ.

పేటంతా మా గుమ్మం ముందుకొచ్చింది. "నోటి దగ్గర కూడు తన్నేశావు కదే! నీకేం పోయిందీ, ఒక్క పూట నోరు మూసుకుంటే!" దీనమ్మ గోడకి ఆనుకుని నిలబడింది, కళ్ళు నేల మీద. నేను నోరు తెరిచేలోపలే లోపల నుంచి మా అత్త వచ్చింది. దగ్గుతూనే వచ్చింది.

"ఏంట్రా ఏంటి! మీ ఇళ్ళల్లో పొయ్యిలు కట్టినప్పుడు దాని చేతులు పగిలాయి, మీ చేతులా? అబద్ధమాడమంటే ఆడలేదు, అదేనా దాని తప్పు? ఆదివారం ఆదివారం గుడిలో కూర్చుని మీరు వింటున్నదేంటి మరి? పొండి, పొండి!"

ఈవిడేనా రోజూ గుడ్డ కుక్కిన మనిషి అని నేను నోరెళ్ళబెట్టాను. జనం సణుక్కుంటూ పోయారు. మా అత్త అక్కడే చతికిలబడి, ఆయాసం తగ్గాక దీనమ్మ వైపు తిరిగింది.

"ఒసే, పశువులశాలలో దోమలకి పొగ ఎప్పుడు పెడతాం?"

"పొద్దుగూకే వేళ."

"మనం అందులో కూర్చుంటామా?"

"ఎందుకు కూర్చుంటాం? పెట్టేసి వచ్చేస్తాం."

"మరి ఇంటికీ అలాగే పెట్టవే. వంటయ్యేదాకా పొగ గొట్టంలో పోనీ. వంటయ్యాక అందరం బయటే కదా ఉంటాం. అప్పుడు కప్పు కింద వదులు. గొట్టానికి పైన ఓ కంత పెట్టి, దానికో బిరడా పెట్టు. అంతే కదా, దీనికి జీపులెందుకు?"

దీనమ్మ ఒక్క క్షణం అత్త మొహంలోకి చూసింది. మట్టి తట్ట తీసుకుని కాలవ గట్టుకి పోయింది. మర్నాడు గొట్టానికి వాసాల కింద కంత తొలిచి, మట్టితో బిరడా, గొట్టం పైకొసకి మూత చేసి, నీడన ఆరబెట్టి, ఊక కుప్పలో కాల్చింది. నిప్పురవ్వ ఎగిరి తాటాకు మీద పడితే కొంపలంటుకుంటాయని యెహెజ్కేలు బాబాయి భయపడ్డాడు. భయపడి ఊరుకోలేదు, పాత డబ్బా రేకు కత్తిరించి సన్నటి చిల్లులు కొట్టి కంతకి అడ్డం బిగించాడు. కప్పుల సంగతి ఆయనకి తెలిసినంత మాకేం తెలుస్తుంది.

సాయంత్రం వంట దించాక నిప్పుల మీద గుప్పెడు తడి ఊక వేసి, గొట్టం పై మూత మూసి, బిరడా తీసి, అన్నం గిన్నెలతో సహా బయటికి వచ్చేశాం. లోపల పొగ కప్పంతా పాకింది. మేం వాకిట్లో కూర్చుని తిన్నాం. తిన్నాక దీనమ్మ వెళ్ళి బిరడా పెట్టి, తలుపులు బార్లా తీసింది. పడుకునే వేళకి ఇంట్లో పొగ వాసన తప్ప పొగ లేదు.

వారం తిరక్కుండా ఇల్లిల్లూ "మాకూ ఆ బిరడా పెట్టవే" అని దీనమ్మని పిలిచింది. తిట్టినవాళ్ళే ముందు పిలిచారు. సిగ్గేముంది, మనుషులం. దానికి పేరు కూడా పేటే పెట్టింది, అత్త బిరడా అని. పొద్దుగూకాక అందరూ వాకిళ్ళలో కూర్చుని తినడం, ఈ వాకిలి నుంచి ఆ వాకిలికి కూరలు అందించుకోవడం మా పేటకి ఆనవాయితీ అయిపోయింది.

దుర్గాశ్రీగారు వచ్చి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. పైకి రాశారు కూడా. కానీ గొట్టానికి కంత ఉంటే అది పొగలేని పొయ్యి కింద లెక్కకి రాదట, రూలు అలా ఉందట. "నన్ను క్షమించండి దీనమ్మగారూ, బోర్డు ఇప్పించలేకపోయాను" అన్నారు. "బోర్డుతో అన్నం ఉడుకుద్దా అమ్మా" అంది మా అత్త. బోర్డు పడిన ఊళ్ళల్లో కప్పులు పోతుంటే పొయ్యిలు పగలగొట్టుకున్నారు. పగలగొట్టనివాళ్ళ ఇళ్ళకి దీనమ్మ నడిచి వెళ్ళి బిరడాలు పెట్టి వచ్చింది.

తర్వాత రెండువేల సంవత్సరంలో ఆడవాళ్ళ సంఘాలకి ప్రభుత్వం గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. పేటలో ఎవరూ పేరివ్వలేదు. దీనమ్మ పొయ్యి తీసేస్తే దీనమ్మకి కోపమొస్తుందేమోనని! ఆవిడకి ఈ సంగతి తెలిసి అందరినీ గుడి ముందు నిలబెట్టి కడిగేసింది. "నాకు పొయ్యి మీద ప్రేమేంటర్రా పిచ్చిమొహాల్లారా! నాకు పొగ మీద పగ. రాయించుకోండి ముందు." మొదటి పేరు ఆవిడదే. డాబా ఇళ్ళొచ్చాయి, తాటాకులు పోయాయి, బిరడాల పని అయిపోయింది.

అందుకే బోర్డు గురించి ఎవరైనా అడిగితే నేను తొంభై ఆరు క్రిస్మస్ గురించి చెప్తాను. బిరడాలు పెట్టిన మరుసటేడు అది.

గుడి కిటకిటలాడుతోంది. మా అత్త పై మెట్టు మీద, గుమ్మం పక్కనే కూర్చుంది. అయ్యగారు పాట చెప్పారు. ఆడవాళ్ళ వైపు పాట ఎత్తే బాధ్యత అప్పటికి నాది, టీచర్ననే గౌరవం తప్ప గొంతు చూసి ఇచ్చింది కాదు. నేను గొంతు సవరించుకుంటున్నాను. వెనక నుంచి పాట లేచింది.

తిరిగి చూడక్కర్లేదు, పేటంతటికీ తెలుసు ఆ గొంతు. మా అత్త లేచి నిలబడి, పాడుతూ గుమ్మం దాటి లోపలికి వస్తోంది. పేటకి నా కంటే ముందు వచ్చిన కోడళ్ళు చెప్పిన గొంతు నేను వినడం అదే మొదలు. హార్మోనియం వాయించే విజయ్ పాల్ చేతులు ఆపేసి, మళ్ళీ గుర్తొచ్చి వాయించాడు. మొదటి చరణం అయింది, రెండోది అయింది. మూడో చరణం ఎత్తబోయి మా అత్త ఆగిపోయింది. ఊపిరి అందలేదు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది.

అప్పుడు దీనమ్మ లేచింది. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో పాడిన మనిషి కాదు. వెళ్ళి అత్త పక్కన నిలబడి, ఆ చెయ్యి పట్టుకుని, మూడో చరణం అందుకుంది. ఎంత ఘోరంగా పాడిందంటే, పిల్లలు కిసుక్కున నవ్వారు. దీనమ్మ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, పాట మాత్రం ఆపలేదు. చివరి పాదానికి ఊపిరి తిరిగి మా అత్త కలిసింది. గుడి మొత్తం కలిసింది.

ఆరాధన అయ్యాక జనం షేక్ హ్యాండ్లిచ్చుకుంటుంటే, మా అత్త దీనమ్మ భుజం పట్టుకుని మెట్లు దిగుతూ అంది, "శ్రుతి లేదు, లయ లేదు. నీకు పాటెందుకే, పొయ్యిలు కట్టుకో."

"అలాగే అత్తా" అంది దీనమ్మ.

మా అత్త ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆ మెట్ల మీద కూర్చోవడం మాత్రం మళ్ళీ నేను చూడలేదు.